బురదలో దాగిన నిప్పు

విద్యుద్దీపం మీద, టార్చిలైటులో వేసే బ్యాటరీ మీద, ఇంటి మీటరు మీద ముద్రించి ఉండే వోల్టు అన్న మాట ఒక మనిషి పేరునుంచి వచ్చింది. ఆయన అలెస్సాండ్రో వోల్టా. విద్యుత్తును ఎడతెగని ధారగా ప్రవహింపజేసిన మొదటి ఘటాన్ని నిర్మించినందుకు లోకం ఆయనను స్మరిస్తున్నది. అయితే ఆ ఘటానికి ఇరవై నాలుగేళ్లు ముందే ఆయన మరొక పని చేశాడు. కుళ్లిన ఆకు, నానిన గడ్డి, చచ్చిన పురుగు అడుగున పేరుకొన్న బురదనుంచి మండే వాయువును పట్టి, అది దేనినుంచి పుడుతున్నదో ఆలోచించి చెప్పాడు. పల్లెటూళ్లలో పేడతో మండే పొయ్యికి, పట్టణాల చెత్తనుంచి ఇంధనాన్ని తీసే కేంద్రాలకు మూలమైన ఎరుక అక్కడ మొదలయింది. ఆ పనిని గుర్తుచేసే కొలమానం ఏదీ లేకపోవడంవల్ల ఆయన జీవితంలో ఆ భాగం కొంత మరుగున పడింది.

ఇటలీ ఉత్తరభాగంలో, ఆల్ప్స్ పర్వతాల పాదాల చెంత, లొంబార్డీ ప్రాంతంలోని కోమో పట్టణంలో 1745 ఫిబ్రవరి 18న వోల్టా జన్మించాడు. అప్పటికి ఇటలీ ఒకే దేశంగా రూపొందలేదు. లొంబార్డీ ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. తండ్రి ఫిలిప్పో, తల్లి మద్దలేనా. వంశం గొప్పదే కాని సంపద తరిగిపోయింది. సోదరులలోను, పినతండ్రులలోను పలువురు క్రైస్తవ మతాచార్యులు. నాలుగేళ్లు నిండినా ఆ బాలుడికి మాటలు సరిగా రాలేదు. మందమతి కాబోలునని ఇంటివారు దిగులుపడ్డారు. ఏడేళ్లు వచ్చేసరికి అతడు తోటి పిల్లలందరినీ మించిపోయాడు. ఇంచుమించు ఆ సమయంలోనే తండ్రి గతించాడు. కుటుంబానికి మిగిలినవాటిలో అప్పులే ఎక్కువ. పినతండ్రులు పోషణభారం వహించారు.

వోల్టా బాల్యాన్ని గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. కామ్నాగో గ్రామం దగ్గర ఒక ఊటలో బంగారం మెరుస్తున్నదని ఎవరో చెప్పగా విని, ఆ కుర్రవాడు వంగి వంగి చూస్తూ నీటిలో పడిపోయాడట. ఊరివారు నీళ్లు తోడి అతడిని బయటికి తీశారని, బంగారమనుకొన్నది ఉత్త అభ్రకం రేకులని చెబుతారు. కథలో కల్పన ఎంత ఉన్నా, నీటి అడుగున ఏమున్నదో చూడక మానని స్వభావం మాత్రం ఆయనను కడదాకా విడిచిపెట్టలేదు.

చదువు జెసూయిట్ల పాఠశాలలో సాగింది. ఇంతటి మేధావి తమ సంఘంలో చేరితే బాగుండునని గురువులు ఆశించారు. అది గిట్టక పినతండ్రి ఆయనను ఆ బడి మాన్పించాడు. ఇంటివారి కోరిక న్యాయశాస్త్రం. ఆయన మనస్సు మాత్రం ప్రకృతి మీద లగ్నమయింది. పదునెనిమిదేళ్లు నిండేలోపలే ఆనాటి ప్రసిద్ధ విద్యుచ్ఛాస్త్రజ్ఞులకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. సంపన్నుడైన మిత్రుడు గట్టోని తన బురుజులో ప్రయోగాలకు చోటిచ్చాడు. ప్రకృతి వింతలను వర్ణిస్తూ వోల్టా లాటిన్ భాషలో ఒక దీర్ఘకవిత కూడా రచించాడు. గణితాన్ని తెలుగు పద్యాలలో పొదిగిన పావులూరి మల్లనను ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. శాస్త్రానికి, కవిత్వానికి నడుమ గోడ కట్టింది తరువాతి కాలం.

ఆయన విశ్వవిద్యాలయంలో చదివి పట్టా పొందలేదు. అయినా 1774లో కోమో ప్రభుత్వ పాఠశాలల పర్యవేక్షణబాధ్యత, ఆ వెంటనే భౌతికశాస్త్ర బోధకపదవి లభించాయి. 1775లో లక్కవంటి పదార్థపు బిళ్ల మీద లోహపు పళ్లెం ఉంచి, ఒకసారి పుట్టించిన విద్యుదావేశంతో మళ్లీ మళ్లీ ఆవేశాన్ని పొందగల సాధనాన్ని రూపొందించి పేరు గడించాడు. దానికి ఎలక్ట్రోఫోరస్ అని పేరు.

ఆ రోజులలో ఐరోపా పండితులను రెండు వ్యసనాలు పట్టి ఊపుతుండేవి. ఒకటి విద్యుత్తు, రెండవది గాలి. గాలి ఒకే పదార్థం కాదని, అందులోను, అది కాక వేరుగాను రకరకాల వాయువులున్నాయని అప్పుడప్పుడే తెలియవస్తున్నది. ఇంగ్లండులో కావెండిష్ లోహాలమీద ఆమ్లాలు పోసి మండే వాయువును సాధించాడు. దానినే నేడు హైడ్రోజన్ అంటున్నాం. జోసెఫ్ ప్రీస్ట్లీ వాయువులను గురించి సంపుటాలు ప్రకటిస్తున్నాడు. అమెరికాలో కొన్ని నదుల అడుగును కదిపితే పైకి వచ్చే గాలి అంటుకొంటున్నదని బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆయనకు రాసిన సంగతి కూడా వాటి ద్వారా పండితలోకానికి చేరింది. ఇంతలో కాంపి అనే మతాచార్యుడు, వోల్టాకు మిత్రుడు, లొంబార్డీలోనే ఒక ఊటనుంచి మండే వాయువు వెలువడుతున్నదని కనిపెట్టి ఆయనకు తెలియజేశాడు. అటువంటి వాయువు తన చుట్టుపక్కల మరెక్కడైనా దొరుకుతుందేమోనన్న తపన వోల్టాకు కలిగింది.

1776 నవంబరు తొలిరోజులలో ఆయన మజ్జోరె సరస్సు ఒడ్డున ఆంజేరా గ్రామ సమీపంలో ఉన్నాడు. తీరాన రెల్లు దుబ్బులు దట్టంగా పెరిగినచోట నీరు కదలక నిలిచి ఉంది. ఆయన పడవలో ఆ దుబ్బుల నడుమకు చేరి, చేతికర్రతో అడుగున ఉన్న బురదను పొడిచాడు. బుడగలు గుంపులు గుంపులుగా పైకి వచ్చాయి. సీసాను నీటితో నింపి, ఆ నీటిలోనే తలకిందులుగా బోర్లించి, బుడగలు లేచేచోట పట్టాడు. పైకి వచ్చిన వాయువు నీటిని కిందికి నెట్టి సీసాలో నిండింది. అలా నింపిన సీసా మూతి దగ్గర చిన్న మంటను చూపగా అది నీలివన్నె జ్వాలతో మెల్లగా, అంచెలంచెలుగా సీసాలోనికి దిగుతూ మండింది. ఉపకరణాలన్నీ కలిపి ఒక కర్ర, ఒక సీసా, ఒక దీపం.

బుడగలు రావడం అందరూ ఎరిగినదే. చెరువులో దిగిన పశులకాపరి కూడా చూసి ఉంటాడు. అది మండుతుందని వోల్టాకంటె ముందే కొందరికి తెలుసు. వోల్టా చేసిన పని అక్కడితో ఆగలేదు, ఆయన ఘనత కూడా అక్కడే ఉంది. ఆయన ఒక సరస్సుతో తృప్తిపడక గుంటలు, కాలువలు, మురుగు నిలిచే పల్లాలు వెతికి పరీక్షించాడు. ఎక్కడైతే ఆకులు, వేళ్లు, జంతు కళేబరాలు నీటి అడుగున చిరకాలం కుళ్లుతున్నాయో అక్కడ ఆ వాయువు దొరికింది. కాబట్టి ఇది భూగర్భంలోని గనులనుంచో, గంధకంనుంచో పుట్టినది కాదని, ఒకనాడు ప్రాణమున్న పదార్థం చివికిపోయేటప్పుడు పుట్టేదని ఆయన నిర్ణయించాడు. పిదప దానిని లోహంనుంచి వచ్చే వాయువుతో పోల్చిచూశాడు. లోహవాయువు పూర్తిగా మండడానికి దాని పరిమాణానికి రెండు మూడింతల గాలి సరిపోతుంది. బురదవాయువుకు సుమారు పదింతలు కావాలి. జ్వాల రంగులోను, మండే వేగంలోను కూడా తేడా ఉంది. రెండూ మండేవే అయినా రెండూ ఒకటి కావని ఆ విధంగా స్పష్టమయింది. నవంబరు 14న కాంపికి రాసిన లేఖతో మొదలుపెట్టి, ఈ విషయాలన్నీ ఏడు లేఖలుగా కూర్చి 1777లో మిలాన్ నగరంలో పుస్తకంగా ప్రకటించాడు.

మన పల్లెలలో కొరివిదయ్యాలను గురించి పెద్దలు చెప్పే కథలున్నట్లే ఇటలీ పల్లెలలోను ఉన్నాయి. చీకటి రాత్రులలో చిత్తడినేలల మీద తిరుగాడే ఆ వెలుగులకు కారణం ఈ వాయువేనని, మెరుపులవంటి విద్యుత్తు తగిలి అది అంటుకొంటుండవచ్చునని వోల్టా ఊహించాడు. మీథేన్ తనంత తాను రగలదు కనుక ఆ ఊహలో సగమే నిలిచింది. కొరివిదయ్యం సంగతి శాస్త్రజ్ఞులు నేటికీ పూర్తిగా తేల్చలేదు. కాని దయ్యాన్ని బురదలో వెదకవలెనన్న ఆలోచన మాత్రం ఆయన నాటికి సాహసమే.

ఈ వాయువును మండించడానికి దీపాన్ని కాక విద్యుత్తు నిప్పురవ్వను వాడడం ఆయన మరొక నూతన ప్రయోగం. వాయువు, గాలి కలిపి ఒక మూసిన పాత్రలో నింపి, లోపల రవ్వ పుట్టిస్తే బిరడా పెద్ద చప్పుడుతో ఎగిరిపోయేది. దానికి పిస్తోలు అని పేరు వచ్చింది. కోమోనుంచి మిలాను వరకు, అంటే సుమారు 40 కిలోమీటర్ల దూరం, కర్రస్తంభాలమీద ఇనుపతీగ లాగి, ఒక చివర విద్యుత్తును విడిచి రెండవ చివర పిస్తోలును పేల్చవచ్చునని, ఆ విధంగా దూరప్రాంతానికి సంకేతం పంపవచ్చునని 1777లోనే ఆయన రాశాడు. ఆ తీగ కట్టడం జరగలేదు. మూసిన గదిలో వాయువును రవ్వతో పేల్చే పద్ధతి మాత్రం తరువాతి శతాబ్దంలో ఇంజనులకు పనికివచ్చింది. దహనవాయువుతో వెలిగే దీపాన్ని కూడా ఆయన తయారుచేశాడు.

ఇంత చేసినవాడు ఆ వాయువుతో పొయ్యి వెలిగించే మార్గం ఎందుకు ఆలోచించలేదన్న ప్రశ్న సహజం. ఆల్ప్స్ అడవుల దాపున కట్టెలకు కొదవ లేదు. వాయువును ఎడతెగకుండా పుట్టించే తొట్టి గాని, నిలవచేసే సాధనం గాని ఆనాడు ఎవరి ఊహలోనూ లేవు. అంతేకాదు, కుళ్లు అన్నది సూక్ష్మజీవుల పని అని అప్పటికి ఎవరికీ తెలియదు. మండే పదార్థాలన్నింటిలో ఫ్లోజిస్టన్ అనే తత్త్వం ఉంటుందన్న తప్పు సిద్ధాంతాన్నే వోల్టా కూడా చాలాకాలం నమ్మాడు. సిద్ధాంతం తప్పయినా పరిశీలన సరియైనది కావడం శాస్త్రచరిత్రలో అరుదేమీ కాదు.

1778లో పావియా విశ్వవిద్యాలయం ఆయనను ప్రయోగాత్మక భౌతికశాస్త్రాచార్యుడిగా ఆహ్వానించింది. 1780లో అపెనైన్ కొండలలో పియెత్రమాలా అనే చోట నేలనుంచి నిరంతరం మంటలు లేవడం చూడబోయి, అక్కడ మండుతున్నదీ ఇటువంటి వాయువేనని తేల్చాడు. 1781, 1782 సంవత్సరాలలో పారిస్, లండన్ నగరాలు దర్శించి లవోజియె, ఫ్రాంక్లిన్, ప్రీస్ట్లీ మొదలైనవారిని కలుసుకొన్నాడు. 1794లో తెరేసా పెరెగ్రిని అనే యువతిని వివాహమాడాడు. వారికి ముగ్గురు కుమారులు.

ఆయనకు శాశ్వతకీర్తి తెచ్చిన ఘట్టం తరువాతది. చచ్చిన కప్ప కాలికి రెండు లోహాలు తాకినప్పుడు అది గిలగిల కొట్టుకొంటున్నదని బొలోనా నగరవాసి గాల్వానీ 1791లో ప్రకటించాడు. జంతుశరీరంలోనే విద్యుత్తు ఉన్నదని ఆయన వాదం. వోల్టా మొదట దానిని ఒప్పుకొన్నాడు. ప్రయోగాలు చేసిన కొలది సందేహం కలిగి, విద్యుత్తుకు కారణం రెండు వేర్వేరు లోహాల కలయికేనని వాదించాడు. ఆ వాదాన్ని రుజువు చేయడానికి జింకు, వెండి బిళ్లలను ఒకదానిమీద ఒకటి పేర్చి, నడుమ ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు పెట్టి, 1800 మార్చి 20న లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడికి దానిని వర్ణిస్తూ లేఖ పంపాడు. అదే మొదటి విద్యుద్ఘటం. 1801లో నెపోలియన్ ఆయనను పారిసుకు రావించి ప్రయోగాలు తిలకించాడు. తరువాత కౌంట్ బిరుదాన్ని ఇచ్చి గౌరవించాడు. ఈ వైభవం ముందు 1776 నాటి సీసా వెలవెలబోయింది.

సన్మానాలకు నడుమ దుఃఖం కూడా కలిగింది. కుమారులలో ఒకడైన ఫ్లమీనియో 1814లో పదునెనిమిదేళ్ల ప్రాయంలో మరణించాడు. ఆ దెబ్బతో వోల్టా క్రుంగిపోయాడు. 1819లో ఉద్యోగం విరమించి తన పెద్దల గ్రామం కామ్నాగో చేరుకొన్నాడు. చిన్ననాడు అభ్రకాన్ని చూసి మోసపోయిన ఊట ఆ ఊరిదే. 1827 మార్చి 5న ఆయన కన్నుమూశాడు. 1881లో విద్యుచ్ఛాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సభ విద్యుత్పీడనానికి కొలమానంగా ఆయన పేరును స్వీకరించింది. ఘటం పుట్టి నూరేళ్లయిన సందర్భంగా 1899లో కోమోలో ఏర్పాటు చేసిన ప్రదర్శనశాల అగ్నిప్రమాదానికి గురై, ఆయన స్వయంగా వాడిన పరికరాలలో చాలావరకు కాలిపోయాయి.

ఆయన పట్టిన వాయువు చరిత్ర మాత్రం ఆయనతో ముగియలేదు. 1808లో ఇంగ్లండు రసాయనవేత్త హంఫ్రీ డేవీ పశువుల పేడను గాలి తగలకుండా కుళ్లబెట్టి, అందులోనూ ఇదే వాయువు ఉన్నదని చూపాడు. అది కార్బను, హైడ్రోజనుల కలయిక అని తెలిసింది. 1866లో హోఫ్‌మన్ దానికి మీథేన్ అన్న పేరు కూర్చాడు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు దానిని పుట్టిస్తున్నాయని పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో క్రమంగా బోధపడింది. ఆవు కడుపులో గడ్డి జీర్ణమయ్యేటప్పుడు జరిగేదీ, ఆంజేరా బురదలో జరిగిందీ మౌలికంగా ఒకటే.

ఈ ఎరుకను వంటింటికి చేర్చిన దేశాలలో భారతదేశం ముందున్నది. 1897లో బొంబాయి మాతుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో మలినాలనుంచి తీసిన వాయువుతో దీపాలు వెలిగించారు. 1930ల చివరి సంవత్సరాలలో వ్యవసాయ పరిశోధనసంస్థలో పేడమీద ప్రయోగాలు ఆరంభమయ్యాయి. 1950ల దశకంలో జశ్‌భాయి పటేల్ పైకీ కిందికీ కదిలే ఇనుపడ్రమ్ము గల గ్రామలక్ష్మి నమూనాను రూపొందించగా, ఆ పద్ధతిని ఖాదీ గ్రామోద్యోగ సంఘం ఊరూరా ప్రచారం చేసింది. 1984లో వచ్చిన దీనబంధు నమూనాలో ఇనుము అక్కరలేదు. ఇటుకలతో నేలలో కట్టిన గుమ్మటమే తొట్టి, అదే గ్యాసు నిలవ ఉండే గది.

దీని పని తీరు వోల్టా సీసా అంత సరళమైనది. పేడను అంతే నీటితో కలిపి జారుగా చేసి గొట్టం గుండా తొట్టిలోకి పోస్తారు. గాలి చొరని ఆ చీకటిలో అది వారాల తరబడి పులుస్తుంది. వెలువడే వాయువులో ఇంచుమించు 60 శాతం మీథేన్, తక్కినదానిలో అధికభాగం కార్బన్ డయాక్సైడ్. కిలో పచ్చిపేడకు దాదాపు 40 లీటర్ల వాయువు లభిస్తుంది. నాలుగైదు పశువులున్న ఇంట రోజుకు 50 కిలోల పేడ పోగయితే, రెండు ఘనమీటర్ల వాయువు వచ్చి, నలుగురైదుగురి వంటకు సరిపోతుంది. పిడకగా చేసి కాలిస్తే పేడలోని నత్రజని పొగలో కలిసిపోతుంది. వాయువుగా మార్చి వాడితే ఆ నత్రజని జారుపేడలోనే నిలిచి పొలానికి ఎరువవుతుంది. పిడకల పొయ్యి ముందు కూర్చుని కళ్లు మండి, దగ్గుతో వంట చేసిన ఇల్లాలికి ఈ నీలిమంట చేసిన మేలు అంకెలలో చెప్పగలిగేది కాదు.

మంటగా మారక ఉత్తగా గాలిలో కలిస్తే మాత్రం ఈ వాయువు హాని చేస్తుంది. నూరేళ్ల కాలాన్ని లెక్కలోకి తీసుకొంటే, అంతే బరువుగల కార్బన్ డయాక్సైడ్ కంటె మీథేన్ సుమారు 28 రెట్లు అధికంగా భూమిని వేడెక్కిస్తుంది. పట్టణాల చెత్తగుట్టలనుంచి, నీరు నిలిచిన వరిమళ్లనుంచి అది నిత్యం లేస్తూనే ఉంటుంది. తొట్టిలో పట్టి మండిస్తే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి మాత్రమే మిగులుతాయి. ఆ కార్బను కూడా మొక్క గాలినుంచి తీసుకొన్నదే కాబట్టి లెక్క తిరిగి గాలికే చేరుతుంది.

చిక్కులు లేవని కాదు. చలికాలంలో సూక్ష్మజీవులు మందగించి వాయువు తగ్గుతుంది. ట్రాక్టర్లు వచ్చి పశువులు తగ్గిన ఊళ్లలో కట్టిన తొట్లు పేడ లేక ఎండిపోయాయి. అందుచేత 2018 నుంచి భారత ప్రభుత్వం పంటవ్యర్థాలు, పట్టణపు తడిచెత్త, చక్కెరమిల్లుల మడ్డి మొదలైనవాటినుంచి పెద్ద ఎత్తున వాయువును తీసి, శుద్ధిచేసి, వాహనాలకు ఇంధనంగా అందించే పథకాలను చేపట్టింది. వాటిలో వరిగడ్డి అన్నింటికంటె మొండిది. దాని కణాలకు రక్షగా ఉన్న లిగ్నిన్ అనే పదార్థం సూక్ష్మజీవులకు ఒక పట్టాన లొంగదు. పొలాలలో గడ్డిని తగులబెట్టే బదులు తొట్టిలో వేయాలంటే ముందుగా దానిని దంచి, నానబెట్టి, మెత్తబరచాలి. ఆ పనిని తక్కువ ఖర్చులో చేసే మార్గం కోసం పరిశోధనలు సాగుతున్నాయి.